ఆడి సీరులో వచ్చిన జిలేబి చేపలు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో కంటికి కనబడని శత్రువు ఉన్నాడు, రెండు ఇళ్ళ పరువు ఉంది, ఆకాశంలో కమ్ముకొచ్చే మేఘాలు ఉన్నాయి, ఒక వీరనారి పట్టిన వ్రతం ఉంది. ఆ వ్రతాన్ని భంగం చేయడానికి పడమటి దిక్కు నుంచి బయలుదేరిన దూత కూడా ఉన్నాడు. చదివేవాళ్ళు కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చోవాలి.

అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఇందులో ఉన్నది మా అత్త పొలంలో ఒక కుంట, అందులో జిలేబి అని పిలిచే తిలాపియా చేపలు, ఐసు నింపిన ఒక థర్మోకోల్ పెట్టె. ఆ దూత నేనే. కోయంబత్తూరు పీలమేడులో బస్సెక్కి, వాంతి వస్తుందేమోనన్న భయంతో కిటికీ పక్క సీటు అడుక్కుని, మదురై దాకా వెళ్ళాను. శత్రువు కంటికి కనబడడన్న మాట ఒక్కటే పూర్తిగా నిజం.

నేను చేపలకు వచ్చే వైరస్ జబ్బుల మీద పరిశోధన చేస్తున్నాను. చచ్చిన చేప కాలేయంలోంచో మెదడులోంచో బియ్యపు గింజంత ముక్క తీసి, అందులో వైరస్ జాడ ఉందో లేదో యంత్రంలో పెట్టి చూడటం నా పని. ఉంటే చివర్లో ఒక జిగురు పలక మీద సన్నటి గీత వెలుగుతుంది. లేకపోతే వెలగదు. నాలుగేళ్ళ చదువు మొత్తం ఆ గీతే. మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మా నాయినకు ఈ చదువు మీద మొదటి నుంచీ ఒకటే అనుమానం.

"ఏమిరా, చేపకు జరమొస్తే ఎట్ల తెలుస్తాది?"

"చేపకు జరం రాదు నాయినా. దాని ఒళ్ళు నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత చల్లగానే ఉంటాది."

"అప్పురం నీకు ఆ చదువెందుకురా?"

అప్పురం అంటే మా ఇళ్ళలో 'మరి' అని. పెళ్ళిళ్ళలో నన్ను డాక్టరని పరిచయం చేస్తారు. చేపల డాక్టరునని నేను చెప్పేలోపే మోకాలు చూపించిన పెద్దవాళ్ళు ఉన్నారు.

మా నాయిన చెల్లెలు, అంటే మా అత్త, మదురై దాటి ఇంకా దక్షిణానికి పోతే నల్లరేగడి నేలలో ఒక ఊళ్ళో ఉంటుంది. పత్తి, మిరప, మొక్కజొన్న పండిస్తారు. మామ మాట్లాడడు. ఆయన వంతు కూడా అత్తే మాట్లాడుతుంది, ఇద్దరికీ సరిపోతుంది. అత్త నన్ను "అల్లుడా" అని పిలుస్తుంది. ఆమెకు కూతుళ్ళు లేరు కాబట్టి ఆ పిలుపులో నాకు ప్రమాదమేమీ లేదు.

రెండేళ్ళ కిందట అత్త పొలంలో ఒక మూల కుంట తవ్వించి చేపలు వేసింది. పత్తి నేలలో చేప పండిస్తుందట అని ఊరు నవ్వింది. ఆమె ఆ నవ్వును లెక్క చేయలేదు. పొలంలో ప్రతి అంగుళమూ మామ వాళ్ళ తాతలదే. కుంట ఒక్కటే ఆమె తలలో పుట్టింది.

తమిళనాట మా తెలుగు ఇళ్ళలో ఆడి నెల వస్తే పుట్టింటివాళ్ళు ఆడపిల్లకు సీరు పంపాలి. ఆడి అంటే మీ ఆషాఢానికి కాస్త అటూ ఇటూ. సీరంటే చీర, పళ్ళు, గాజులు, బెల్లం. మా నాయిన ముప్పై ఏళ్ళుగా ఒక్క ఆడి కూడా తప్పలేదు. మిల్లు మూతపడ్డ ఏడాది కూడా పంపించాడు. పోయినేడాది ఆడికి ముందు అత్త ఫోన్ చేసింది.

"అన్నా, ఈతూరి చీర వద్దు. బీరువాలో నాకు చోటు లేదు, చీరలకే ఉండాది. చేప పిల్లలు పంపించు."

"చేపలా? సీరులో ఎవరైనా చేపలు పంపిస్తారామ్మా?"

"నువ్వు పంపించు. ఊళ్ళో చూస్తారు గదా, మా అన్న నాకు చేపలు పంపించినాడని."

నాయిన మేట్టుపాళయం రోడ్డులో ఒక చేపపిల్లల వ్యాపారి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ పిల్లలు ఎక్కడ పుట్టాయో, పరీక్ష చేశారో లేదో చెప్పే కాగితమేదైనా ఉందా అని నేను అడిగాను. "తంబీ, చేపలు కాగితం తింటాయా?" అన్నాడు ఆయన. నాయిన నవ్వాడు. నేనూ నవ్వాను. జోకు బాగుంటే నవ్వేయడం నాకున్న పెద్ద బలహీనత. ఆ జోకు అంత బాగా కూడా లేదు.

ఆక్సిజన్ నింపి కట్టిన నాలుగు ప్లాస్టిక్ సంచులను రెండు అట్టపెట్టెల్లో పెట్టుకుని బస్సెక్కాను. మదురై చేరేసరికి ఒక సంచిలో రెండు పిల్లలు చచ్చి తేలాయి. దూర ప్రయాణంలో ఒకటి రెండు పోవడం మామూలే. కొందరు జేబులో దువ్వెన పెట్టుకున్నట్టు నా సంచిలో ఎప్పుడూ ఒక చిన్న ఆల్కహాల్ సీసా ఉంటుంది. ఊరు చేరాక ఆ ఒక్క సంచి విప్పి, ఆ రెండింటినీ తీసి సీసాలో వేసి, మీద కాగితం అంటించి పెన్నుతో రాశాను: "నాయిన సీరు, ఆడి." ఒకదాని ఒళ్ళు మిగతావాటికంటే కాస్త నల్లగా ఉంది. చూశాను. చూసి మూత బిగించాను.

అత్త వాకిట్లో హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. ఎదురింటి అవ్వ కూడా వచ్చింది. ఆ వీధిలో ఏ ఇంటికి ఏ సీరు వచ్చిందో ఆమె చూడనిదే అది వచ్చినట్టు కాదు.

"అత్తా, వీటిని నేరుగా కుంటలో పోయొద్దు" అన్నాను. "వేరే తొట్టిలో మూడు వారాలు పెట్టి చూస్తాము. జబ్బేమన్నా ఉంటే బయటపడతాది. కుంటలో పోయినేటి పెద్ద చేపలుండాయి గదా, వాటికి అంటుకోకూడదు."

"ఏందిరా అల్లుడా, పుట్టింటి సీరును బయట నిలబెట్టేదా? అదేమన్నా పోస్టుమానా?"

"అది రూలు అత్తా."

అవ్వ కల్పించుకుంది. "మా కాలంలో కొత్త కోడల్నే మూడు దినాల్లో పొయ్యి కాడికి పంపిస్తిమి. చేపకు మూడు వారాలా?"

అందరూ నవ్వారు. నా థీసిస్‌లో రెండో అధ్యాయం మొత్తం కొత్త చేపలను విడిగా ఎందుకు ఉంచాలి అన్నదాని మీదే. అది రాసిన మనిషి ఆ సమయంలో సంచి రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, కర్పూరం మంట ప్లాస్టిక్‌కు తగిలి సంచి పగులుతుందేమో అని మాత్రమే ఆలోచిస్తున్నాడు. హారతి అయ్యాక కుంట దగ్గరికి ఊరేగింపుగా వెళ్ళాం. సంచుల మూతులు విప్పి నీళ్ళలోకి ఒంచింది నేనే. పిల్లలు తోకలు ఆడించుకుంటూ పోయాయి. అత్త కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నాలుగు ఇళ్ళకు వెళ్ళి, తన అన్న పంపిన చేపలను చూడటానికి రమ్మని పిలిచింది.

ఆ సీసా తెచ్చి ల్యాబ్ ఫ్రీజర్‌లో ఒక మూల పెట్టాను. పరీక్ష చేయడానికి ఒక పూట చాలు. చేస్తే తెలిసిపోతుంది. చేయకపోవడానికి కారణం కూడా అదే.

పురటాసి వచ్చింది, మీ భాద్రపదం, ఆశ్వయుజాల నడుమ. అది గోవిందుడి నెల. మా ఇళ్ళలో ఆ నెలంతా మాంసం, చేప, గుడ్డు గడప తొక్కవు. కోయంబత్తూరులోనైనా, మదురైలోనైనా, అత్త వాళ్ళ నల్లరేగడి ఊళ్ళోనైనా శనివారాలు ఒంటిపొద్దులుంటారు. ఒక శనివారం అన్నం రాశిగా పోసి, బియ్యప్పిండి దీపం పెట్టి తళిగ వేస్తారు. వ్రతం పట్టినవాళ్ళు ప్రాణం తీసే పని చేయరు. మా అత్త దోమను కూడా ఊదుతుంది. పురటాసి అయిపోయాక ఐప్పసిలో, నెలరోజులు నోరు కట్టుకున్న జనం చేపల మీద పడే సమయానికి, కుంటలోని పెద్ద చేపలను అమ్మాలని ఆమె లెక్క.

పురటాసి మొదటి వారంలో ఫోన్ వచ్చింది.

"అల్లుడా, చేపలు మేత తినలే. రెండు దినాలాయె. నీళ్ళపైకొచ్చి నోరు తెరుస్తా ఉండాయి. ఏమో అడగాలని వచ్చినట్ల ఉండాది."

"చచ్చినాయా అత్తా?"

"పొద్దున ఒక పది ఉండినాయి. కండ్లు పాలు పోసినట్ల తెల్లగా ఉండాయి. ఎండ జాస్తి గదా, దానికే. వాన పడితే అన్నీ సరిపోతాది."

థర్మోకోల్ పెట్టె తీసుకుని బయలుదేరాను. చేప కోయాలంటే కత్తి పట్టాలి, కత్తి పట్టాలంటే పురటాసి. దీన్ని అత్త ఒక్క నిమిషంలో తేల్చేసింది. ఇంటి హద్దు దాటి, పొలం కూడా దాటి, పక్కవాళ్ళ మోటారు షెడ్డు వెనక కోయమంది. పక్కవాళ్ళు వేరే కులం, వాళ్ళకు పురటాసి లేదు కాబట్టి పాపం వాళ్ళ నేలకు అంటదట. నా ప్రయోగశాల ఒక రాయి మీద పరిచిన న్యూస్‌పేపర్. మామ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. చేప పొట్ట తెరిచినప్పుడు మాత్రం ఆకాశం వైపు చూశాడు.

పని ముగించి లేచేసరికి అత్త దూరం నుంచి కేకేసింది. "ఇది మనుషులకొస్తాదా అల్లుడా?"

"రాదత్తా. చేపలకే."

"అప్పురం పరవాలే."

పరవాలేదన్నది నిజం కాదు. తిరిగి వచ్చేటప్పుడు కుంట గట్టు చుట్టూ నడిచాను. తూర్పు మూల గట్టు కిందికి ఉంది. కుంట నిండితే నీళ్ళు అక్కడి నుంచి కాలవలోకి, కాలవ నుంచి కన్మాయిలోకి పోతాయి. కన్మాయి అంటే ఊరి చెరువు. అందులోనూ జిలేబి చేపలే. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటాక ఒక పొద్దున పెద్దమనిషి గట్టు మీద తుండుగుడ్డ ఊపుతాడు. ఊరు ఊరంతా వలలు, బుట్టలు, దోమతెరలు పట్టుకుని దిగుతుంది. ఎవరికి దొరికింది వాళ్ళది. కొన్ని ఇళ్ళలో ఏడాదికి కడుపునిండా చేప తినేది ఆ ఒక్క రోజే. వాన వచ్చి కుంట పొంగిందంటే ఈ జబ్బు కన్మాయికి చేరుతుంది. దీనికి మందు లేదు. ఈశాన్యపు వానలు పురటాసి అంచున మొదలు కావచ్చు, ఐప్పసిలోనూ కావచ్చు. వాటికి వ్రతం లేదు.

ల్యాబ్‌లో గీత వెలిగింది. మసక లేదు, అనుమానం లేదు, సినిమా పోస్టర్ అంత స్పష్టంగా వెలిగింది. మా ప్రొఫెసరమ్మ అది చూసి, తమిళంలో తనకు అలవాటైన తాపీతో అడిగింది: "కుంట ఖాళీ చేయించు. చేపలన్నీ తీసేయాలి. సరే, ఇది ఆ కుంటలోకి ఎక్కడి నుంచి వచ్చింది?"

"తెలియదు మేడమ్."

"తెలుసుకోవడానికేగా నీకు ఇక్కడ కుర్చీ ఇచ్చింది."

ఫ్రీజర్ తెరిచాను. మర్నాడు రెండు గీతలూ పక్కపక్కన వెలిగాయి. ఒకటి అత్త కుంటది, ఒకటి సీసాలోది. అన్నదమ్ముల్లా ఉన్నాయి. ల్యాబ్‌లో పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి వచ్చి చూసి, "సూపర్! ఫోటో చాలా బాగా వచ్చింది, థీసిస్‌లో పెట్టుకో" అంది. పెట్టుకున్నాను కూడా. దాని సంగతి ఎక్కువ చెప్పను.

అత్తకు ఫోన్ చేసి జబ్బు పేరు చెప్పాను, చేపలన్నీ తీసేయాలన్నాను. ఆమె ఓపిగ్గా విని, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"అల్లుడా, ఇది పురటాసి. ఇంకా శనివారాలుండాయి. ప్రాణంతో ఉండే చేపను నేను చంపించను. పైగా అది సీరు. మా అన్న పంపించింది. పుట్టింటి సీరు నాకు కీడు చెయ్యదు. ఎండకు చస్తా ఉండాయి. వాన కోసరం గోవిందుణ్ణి అడుగుతా ఉండాను, నువ్వు కూడా అడుగు."

నల్లరేగడి నేలలో ఆ నెలలో వాన వద్దని కోరుకున్న మనిషి చరిత్రలో నేనొక్కడినే అయి ఉంటాను. విత్తనాలు సంచుల్లో పెట్టుకుని ఒక ఊరు మొత్తం ఆకాశం వైపు చూస్తుంటే, నేను పీలమేడులో టీ కొట్టు దగ్గర నిలబడి వాతావరణం యాప్ తెరిచి, మబ్బు బొమ్మ వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. గోవిందుడికి రెండు దరఖాస్తులు వెళ్ళాయి. ఆయన ఏది ముందు చూస్తాడో తెలియదు. అత్తది పాత ఖాతా.

సీసా సంగతి నాయినకు చెప్పాను. ఆయన సాయంత్రం పేపరు పక్కన పెట్టలేదు. పేపరు వెనక నుంచే మాట్లాడాడు.

"అత్తకు జబ్బని చెప్పు. ఎక్కడి నుంచి వచ్చిందో ఎందుకు?"

"అది చెప్పకపోతే నమ్మదు నాయినా. సీరు మంచిదనుకునేంత వరకు ఒక్క చేపను ముట్టనియ్యదు. ఈలోపల వాన వస్తాది."

"ముప్పై ఏండ్లు నా సీరును ఆ వీధికంతా చూపిస్తా ఉండాదిరా మా చెల్లెలు."

"తెలుసు."

"ఈ చేపలను కూడా చూపించింది."

"తెలుసు నాయినా. పక్కన నేనే ఉన్నింటిని."

నాయిన పేపరులో ఒక పేజీ తిప్పాడు. తర్వాత అన్నాడు: "ఆ కాగితం ఉండాదా అని నువ్వు అడిగితివి గదా."

"అడిగితిని."

"అప్పుడు నేను నవ్వితిని."

"నేనూ నవ్వితిని."

"పోయి చెప్పు" అన్నాడు. పేపరు తలకిందులుగా ఉంది అని రాస్తే ఈ ఘట్టానికి బాగుంటుంది. కానీ సరిగ్గానే ఉంది. ఆయన రాశిఫలాలు చదువుతున్నాడు.

నేను వెళ్ళేసరికి అత్త వంటింట్లో పీట వేసుకుని, శనివారం తళిగ కోసం బియ్యప్పిండి, బెల్లం కలిపి పిసుకుతోంది. కుంటలో రోజుకు బుట్టెడు చస్తున్నాయి. మామ వాటిని ఏరి పాతిపెడుతున్నాడు. చచ్చినవాటిని పాతడం వ్రతానికి అడ్డం రాదు. తూర్పున మబ్బు పట్టి ఉంది. అత్త ముఖం ఆ మబ్బు చూసి వెలిగిపోతోంది. ఫోన్ తీసి గీతల ఫోటో చూపించాను.

"ఇదేంది?"

"ఈ గీత నీ కుంట చేపది. పక్కన ఉండేది నాయిన పంపించిన చేపది. దావలో రెండు చచ్చిపోయింటే సీసాలో పెట్టింటిని. రెండింటిలోనూ అదే జబ్బు. సీరులోనే వచ్చిందత్తా."

పిండి పిసికే చెయ్యి ఆగలేదు.

"ఎప్పుడు పెడితివి సీసాలో?"

"ఆడిలో. తెచ్చిన దినమే."

"ఎప్పుడు చూస్తివి?"

"మొన్న."

"నడమ రెండు నెలలు ఏమి చేస్తా ఉంటివి?"

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉంటుంది. దంతాల డాక్టరు కుర్చీలో కూడా ఉంటుంది. అప్పుడు వెతికితే ఒక్కటి కూడా దొరకలేదు.

"భయమత్తా."

"దేనికి?"

"ఉంటాదేమో అని."

ఆమె పిండిని ముద్ద చేసింది, మధ్యలో బొటనవేలితో గుంట చేసింది. నెయ్యి పోసి వత్తి పెట్టడానికి ఆ గుంట. అది సరిగా రాలేదని చెరిపి మళ్ళీ చేసింది.

"బయట పెట్టమని నువ్వు చెప్తివి" అంది చివరికి.

"గట్టిగా చెప్పలే."

"ఆమా. గట్టిగా చెప్పలే." ఆ అవునన్న మాటను ఆమె తిట్టులా అనలేదు. కొలత సరిచూసినట్టు అంది. "సరి. తెచ్చింది నీ చెయ్యి. తీసేది కూడా నీ చెయ్యే తియ్యనీ. నేను వ్రతంలో ఉండాను, మీ మామ ఉండాడు. నువ్వు లేవు."

"నేనూ ఉండాను అత్తా, ఇంట్లో అందరమూ—"

"నీ చొక్కా మీద పఫ్స్ పొట్టు ఉండాది."

మదురై బస్టాండులో తిన్నాను. గుడ్డు పఫ్స్. మా ప్రొఫెసరమ్మ కూడా నా తప్పులను అంత దూరం నుంచి పట్టలేదు.

"ఒకటి మాత్రం చెప్తాను" అంది. "ఇది సీరులో వచ్చిందని ఈ వీధిలో ఒకరికి కూడా తెలియకూడదు. మా అన్న పేరు రాకూడదు. ఎండకు చచ్చినాయి. అంతే."

రెండు రోజులు పట్టింది. మామ వ్రతంలో ఉన్నాడు కాబట్టి వల లాగుతాడు, చేపను మాత్రం ముట్టడు. ఈ సరిహద్దు ఆయనే గీసుకున్నాడు, నేను ప్రశ్నించలేదు. ల్యాబ్‌లో చేపను కోసేముందు నీళ్ళలో లవంగ నూనె కలిపి దాన్ని నిద్రపుచ్చుతాం. ఆ నూనె సీసాలు తెచ్చుకున్నాను. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి, నూనె కలిపి, వల తెచ్చినవన్నీ అందులో వేశాను. పోయినేటి పెద్ద చేపలు, ఆడిలో నేను ఒంచిన చిన్నవి, జబ్బుపడ్డవి, ఇంకా బాగానే ఉన్నవి. బాగున్నవే ఎక్కువ. అవి డ్రమ్ములో ఒక చుట్టు తిరిగి, నెమ్మదించి, పక్కకు ఒరిగేవి. వైరస్ గురించి నేను చదివిన కాగితాల్లో ఆ పక్కకు ఒరగడం గురించి ఎవరూ రాయలేదు. రాస్తే ఏమని రాస్తారు.

మధ్యాహ్నానికి గట్టంతా లవంగం వాసన. గాలి ఊరివైపు తిరిగింది. పురటాసి రెండో సగంలో, వారాల తరబడి నోరు కట్టుకున్న ఊరి మీదికి బిరియానీ వాసన పంపించిన పాపం కూడా నాదే. ఎదురింటి అవ్వ పొలం దాకా నడిచి వచ్చింది.

"ఎవరింట్లోరా ఆ వంట?"

"వంట కాదవ్వా, మందు."

"చేపలన్నీ చచ్చిపాయనా?"

"ఆమా అవ్వా. ఎండకు."

ఆమె డ్రమ్ములోకి చూసింది. అందులో ఒకటి ఇంకా మొప్పలు ఆడిస్తోంది. నా ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ అవ్వ ఏమీ అనకుండా వెళ్ళడం అదే మొదటిసారి అని మామ తర్వాత చెప్పాడు. మామ మాట్లాడటం కూడా దాదాపు అదే మొదటిసారి.

గట్టుకు దూరంగా, మెరకలో గుంత తవ్వి, పొరపొరకూ సున్నం చల్లి పాతిపెట్టాం. కుంట నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ కలిపాం. తూర్పు మూల గట్టు మీద ఇసుక బస్తాలు పేర్చాం. అత్త రెండు రోజులూ కుంటవైపు రాలేదు. శనివారం దీపం పెట్టింది. ప్రసాదం నా చేతిలో పెడుతూ, "తీసుకో తంబీ" అంది.

తంబీ అంటే తమ్ముడు, అక్కడ తప్పు మాటేమీ కాదు. బస్సు కండక్టరు కూడా నన్ను తంబీ అనే అంటాడు.

ఆ తర్వాత నేను భయపడ్డ వాన రాలేదు. పురటాసి అయిపోయింది. ఐప్పసి సగం గడిచింది. వాతావరణం యాప్‌లో మబ్బు బొమ్మ వచ్చేది, పోయేది. అత్త ఫోన్‌లో ఒకసారి అంది: "ఆగింటే వ్రతం చెడిపోయుండదు గదా తంబీ. పురటాసి అయినాక తీసుంటే చాలు గదా." ముందే ఎలా తెలుస్తుంది అని చెప్పాలి. నాకు ముందే తెలియడం గురించి ఆమె దగ్గర మాట్లాడే అర్హత లేదు కాబట్టి, "ఆమా అత్తా" అన్నాను.

తర్వాత వాన కుండపోతగా పడింది. ఇసుక బస్తాలు ఒక్క పూట కూడా నిలవలేదు. కుంట పొంగి కాలవలోకి పోయింది, కాలవ కన్మాయిలోకి పోయింది. అందులో ఏమీ లేదు, ఒట్టి నీళ్ళు. ఆ ఒట్టి నీళ్ళ కోసమే అదంతా. అది చూడటానికి ఎవరూ గట్టు మీదికి రాలేదు. చూడటానికి ఏముంది.

ఎండాకాలంలో కన్మాయి అడుగంటింది, తుండుగుడ్డ ఊపారు, ఊరు దిగింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నీళ్ళు పరీక్షకు తీసుకుపోవాలని వచ్చానని చెప్పాను కానీ, చేపలు బతికి ఉన్నాయా లేదా చూడాలని వచ్చాను. బతికి ఉన్నాయి. బుట్టల్లో తపతపా కొట్టుకుంటున్నాయి. అత్త ఇంటి అరుగు మీదే కూర్చుంది. దిగలేదు. ఎదురింటి అవ్వ చీర కొంగులో నాలుగు చేపలు మూటగట్టుకుని వచ్చి, రెండు అత్త ముందు పెట్టింది.

"తీసుకోమ్మా. నీ కుంటవి ఎండకు చచ్చిపాయె, పాపం. ఇదే ఎండలో కన్మాయి చేపలు చూడు, ఎట్ల ఉండాయో. వీటికి ఏ డాక్టరూ మందు వెయ్యలే."

అత్త నావైపు చూసింది. ఒక్క మాట చెప్తే చాలు, ఆ చేపలు బుట్టలో ఎందుకు కొట్టుకుంటున్నాయో వీధికి తెలిసిపోతుంది. దాంతోపాటు అన్న పంపిన సీరు సంగతి కూడా తెలుస్తుంది.

"ఆమా అవ్వా" అంది అత్త. "మాది చిన్న కుంట గదా. ఎండ తట్టుకోలే." చేపలు తీసుకుని లోపలికి వెళ్ళి పులుసు పెట్టింది. బాగుంది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఈ ఆడికి నాయిన ఫోన్ చేసి ఏమి పంపమంటావని అడిగాడు. అత్త కుక్కర్ అడిగింది, ఐదు లీటర్లది. మళ్ళీ నేనే మోసుకెళ్ళాను. కుంట ఎండి, అడుగు నెర్రెలిచ్చి ఉంది. ఈ ఏడు చేపలు వేయలేదు, వేస్తుందో లేదో నేను అడగలేదు. వాకిట్లో అవ్వ ముందు కుక్కర్‌కు హారతి ఇచ్చారు. అత్త దాన్ని చేతుల్లోకి తీసుకుని గడప దగ్గర ఆగింది.

"తంబీ, దీన్ని మూడు వారాలు బయట పెట్టాలా?"

జోకో కాదో నాకు తెలియలేదు. జోకులు గుర్తుపట్టడమే నా అసలు చదువనుకునేవాణ్ణి. అవ్వ నవ్వింది. అత్త నవ్వలేదు, కోపంగానూ లేదు. నా జవాబు కోసం నిజంగానే ఆగినట్టు నిలబడింది.

"అక్కర లేదత్తా" అన్నాను, ఈసారి గట్టిగా. ఆమె లోపలికి తీసుకుపోయింది.

ఆ సీసా ఇంకా ల్యాబ్ ఫ్రీజర్‌లోనే ఉంది. మొన్న శుభ్రం చేస్తూ తీసి చూస్తే, మూత దగ్గర కాస్త కారి, కాగితం మీద రాసిన పేరు పూర్తిగా చెరిగిపోయింది. లోపల రెండు చిన్న చేపలు, బయట తెల్ల కాగితం. ఆల్కహాల్ సీసాల మీద పెన్నుతో రాయకూడదు, సిరా నిలవదు. పెన్సిల్‌తో రాయాలి.